దక్షిణ సముద్ర యాత్రా చిత్రకారులు – పాలినేషియా ఆచారాలు

ఒక జాతివారి ఆచారాలను వారి నోటనే వినడం వేరు. పరాయివారు గీసిన బొమ్మలో చూడడం వేరు. ఛాయాచిత్రం ఇంకా పుట్టని పద్ధెనిమిదవ శతాబ్దంలో పసిఫిక్ మహాసముద్ర ద్వీపవాసుల పూజలు, నృత్యాలు, అంత్యక్రియలు ఎట్లుండేవో యూరపు ప్రజలకు చూపించినవారు ఓడలపై వెళ్ళిన చిత్రకారులు. వారి బొమ్మలే ఈనాటికీ చరిత్ర గ్రంథాలలో కనిపిస్తున్నవి. అయితే వాటిలో ఎంత నిజం? ఎంత కల్పన? గీసినవాని కన్ను చూచినదెంత, అచ్చు వేసినవాని చేయి చేర్చినదెంత? కొన్ని ప్రసిద్ధ చిత్రాలను ఆధారంగా తీసికొని ఈ ప్రశ్నలను పరిశీలింపదలచినాము.

'పాలినేషియా' అనే పేరు 'అనేక ద్వీపాలు' అనే అర్థమిచ్చే గ్రీకు పదాల నుండి ఏర్పడినది. ఉత్తరాన హవాయి, నైరుతిన న్యూజిలాండ్, ఆగ్నేయాన ఈస్టర్ ద్వీపం – ఈ మూడింటిని కలుపుతూ గీత గీస్తే ఏర్పడే మహా త్రిభుజంలో తహితి, రయటేయా, టోంగా, సమోవా మొదలైన ద్వీపాలెన్నో ఉన్నవి. వేల మైళ్ళ సముద్రం నడుమ ఉన్నప్పటికీ ఈ ప్రజల భాషలలోను, నమ్మకాలలోను దగ్గరి చుట్టరికం కలదు. తహితి ప్రజలకు ఆనాడు లిపి లేదు. వంశావళులు, దేవతాస్తోత్రాలు, నౌకావిద్య అన్నీ కంఠస్థమే. దేవతారాధన జరిగే రాతి ప్రాంగణాన్ని వారు 'మరాయె' అంటారు. ఆ ప్రాంగణాలలో జరిగిన తంతులను మొట్టమొదట కాగితంపై విస్తారంగా నిలిపినది కెప్టెన్ జేమ్స్ కుక్ చేసిన మూడు యాత్రలలో (1768–71, 1772–75, 1776–80) పాల్గొన్న చిత్రకారులే.

మొదటి యాత్ర: ఈగలు, రంగులు, ఒక పూజారి

'ఎండెవర్' ఓడ 1769 ఏప్రిల్ 13న తహితిలోని మటవాయ్ అఖాతం చేరినది. సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం దాటిపోవడాన్ని జూన్ 3న పరిశీలించడం యాత్ర ముఖ్యోద్దేశం. ఆ ఓడలో ధనవంతుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు అయిన జోసెఫ్ బ్యాంక్స్ తన సొంత ఖర్చుతో చిత్రకారులను వెంట తెచ్చుకొన్నాడు. దృశ్యాలను, మనుషులను గీయడానికి అలెగ్జాండర్ బుకన్, మొక్కలను, జంతువులను గీయడానికి సిడ్నీ పార్కిన్సన్ నియమితులైనారు. కాని తహితి చేరిన నాలుగు రోజులకే బుకన్ మూర్ఛవ్యాధితో మరణించాడు. ఈ దేశపు మనుషుల దృశ్యాలను ఇంగ్లండులోని మిత్రులకు చూపించే ఆశ ఇక లేదని బ్యాంక్స్ తన దినచర్యలో విచారించాడు. ఆ భారం పార్కిన్సన్ మీద పడినది. మొక్కలు గీయడం కూడ అంత తేలిక కాలేదు. అక్కడి ఈగలు కాగితంపై పెట్టిన రంగును పెట్టినట్లే తినివేసేవట! బల్లను, కుర్చీని, చిత్రకారుని కలిపి దోమతెర కప్పవలసి వచ్చినది. అటువంటి స్థితిలోను పార్కిన్సన్ ఆ యాత్రలో తొమ్మిది వందలకు పైగా వృక్ష చిత్రాలు సిద్ధం చేశాడు. పూలకు, ఆకులకు అలవాటుపడిన చేయి మనుషులను గీయడానికి తడబడినదంటే తప్పు ఆ చేతిది కాదు.

ఈ యాత్రలో యూరోపియన్లను మిక్కిలి ఆకర్షించిన ఆచారం మరణానంతరం జరిగే శోకక్రియ. ప్రముఖుడెవరైనా చనిపోయినప్పుడు దగ్గరి బంధువో, పూజారియో 'ప్రధాన శోకకర్త'గా నిలిచేవాడు. అతని వేషం చూచినవారికి భయం కలిగించేది. ముఖాన్ని పూర్తిగా కప్పే ముత్యపుచిప్పల ముసుగు. రొమ్ముపై చంద్రవంక ఆకారపు చెక్క, దానికి పొదిగిన పెద్ద చిప్పలు. దాని క్రింద చిన్న చిన్న ముక్కలుగా కోసిన వేలాది చిప్పతునకలను గుచ్చి అల్లిన తెర. ఒంటి నిండా చెట్టు బెరడును నానబెట్టి, కొట్టి చేసిన నారబట్టలు. ఒక చేత చిప్పల చిడతలు, మరొక చేత సొరచేప పళ్ళు పొదిగిన ఆయుధం. చిడతల చప్పుడు వినబడగానే ఊరివారు ఇళ్ళు విడిచి పారిపోయేవారు. శోకకర్త వెంట ఒళ్ళంతా మసి పూసుకొన్న అనుచరులు పరుగెత్తేవారు. చనిపోయినవారి కొరకు ఊరంతా స్తంభించిపోవలెననడమే ఆ తంతు సారాంశమని మాకు తోస్తున్నది.

1769 జూన్ 10న బ్యాంక్స్ ఈ తంతును చూడదలచి అడుగగా, ఊరక చూడడం కుదరదు, పాల్గొనవలెనన్నారు. ఆయన తన యూరపు దుస్తులు విప్పి, నడుముకు చిన్న గుడ్డ చుట్టుకొని, బొగ్గు, నీరు కలిపి ఒళ్ళంతా పూయించుకొని అనుచరులలో ఒకడై పరుగెత్తాడు. చూచేవానికి, చేసేవానికి మధ్య గీత చెరిగిపోయిన అరుదైన సందర్భమది.

ఆ శోకకర్త వేషాన్ని చక్కగా చూపే ఒక రంగుల చిత్రం లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నది. అందులో ఒక నర్తకి, ఒక శోకకర్త నిలిచి ఉన్నారు. అదే చేతితో గీసిన మరి కొన్ని చిత్రాలు – వాద్యకారులు, పడవలు, మరాయె – అక్కడనే ఉన్నవి. వాటి చిత్రకారుని పేరు చాలకాలం తెలియలేదు. అందుచేత పండితులు 'శోకకర్త చిత్రకారుడు' అని ఒక పేరు పెట్టుకొన్నారు. గీతలు అమాయకంగా కనిపించడం వల్ల అవి బ్యాంక్స్ స్వయంగా గీసినవేమోనని కొందరు ఊహించారు.

1997లో ఈ చిక్కుముడి విడిపోయినది. బ్యాంక్స్ జీవిత చరిత్ర రాసిన హెరాల్డ్ కార్టర్ 1812 నాటి ఆయన లేఖ ఒకటి బయటకు తీశాడు. న్యూజిలాండ్‌లో ఒక మావోరీతో తాను రొయ్య జాతి పెద్ద జీవిని బేరమాడుతుండగా తుపాయా తన బొమ్మ గీసినాడని బ్యాంక్స్ అందులో రాశాడు. ఆ బొమ్మ ఈ సంపుటిలోనిదే! అనగా ఆ చిత్రాలన్నీ గీసినవాడు యూరోపియన్ కాడు. రయటేయా ద్వీపానికి చెందిన పూజారి, మహానావికుడు తుపాయా. అతడు 1769 జూలైలో ఎండెవర్ ఎక్కి, దారి చూపుతూ, దుబాసీగా వ్యవహరిస్తూ ప్రయాణించి, 1770 చివర బటావియాలో మరణించాడు. పార్కిన్సన్ కూడ తిరుగు ప్రయాణంలో 1771 జనవరిలో ఓడమీదనే కన్నుమూశాడు.

ఈ సంగతి తెలిసిన తరువాత ఆ చిత్రాన్ని మరల చూస్తే మనకు వేరొక అర్థం స్ఫురిస్తుంది. తుపాయా ముఖకవళికలను, వెలుగునీడలను పట్టించుకోలేదు. వేషంలోని ప్రతి భాగం ఎక్కడ ఉండవలెనో అక్కడ ఉంచాడు. పరాయి చిత్రకారునికి అది వింత వేషం. తుపాయాకు అది తెలిసిన విధి. అమాయకత్వం అని పండితులు భావించినది నిజానికి తెలిసినవాని పొదుపు.

రాగిపలక మీద మారిన రూపం

ఓడమీద గీసిన బొమ్మ పాఠకుని చేరేలోపల ఎన్ని చేతులు మారేదో గమనింపవలసి యున్నది. మొదట పెన్సిలుతో చిత్తుగీత. తరువాత తీరికవేళ నీటిరంగులలో పూర్తి చిత్రం. లండను చేరిన తరువాత మరొక చిత్రకారుడు దానిని గ్రంథానికి అనువుగా తిరిగి గీసేవాడు. ఆపైన చెక్కడపు పనివాడు దానిని రాగిపలకపై చెక్కేవాడు. చివర అచ్చు. ఒక్కొక్క మెట్టు దగ్గర కొంత పోయేది, కొంత వచ్చి చేరేది. అసలుకు, నకలుకు మధ్య ఈ దూరమే అపార్థాలకు మూలం.

రయటేయాలో 1769 ఆగస్టులో జరిగిన నృత్యం ఇందుకు మంచి నిదర్శనం. నర్తకీమణులు జుట్టు అల్లికలను తలచుట్టూ చుట్టి, వాటి నడుమ తెల్లని సువాసన పూలను కూర్చుకొనేవారు. పార్కిన్సన్ వారిని ఉన్నది ఉన్నట్లు చిత్తుగీతలలో పట్టుకొన్నాడు. 1773లో జాన్ హాక్స్‌వర్త్ సంపాదకత్వాన యాత్రా గ్రంథం వెలువడినప్పుడు ఆ నృత్యదృశ్యాన్ని లండనులో స్థిరపడిన ఇటలీ చిత్రకారుడు సిప్రియాని తిరిగి గీశాడు. బార్తొలొజ్జి రాగిపలకపై చెక్కాడు. ఇద్దరూ ఆ ద్వీపాలను కన్నవారు కారు. వారి చేతిలో ద్వీప కన్యలు గ్రీకు శిల్పాలలోని వనదేవతలైపోయినారు. తాటాకు వంటి ఆకులు కప్పిన ఇల్లు నాటకశాల వలె సొగసు దిద్దుకొన్నది. అందం పెరిగినది, ఆచారం మాయమైనది. తహితి ప్రాంతంలో నృత్యం కేవలం వినోదం కాదు. ఓరో దేవుని కొలిచే 'అరియోయ్' అనే బృందంవారు ఊరూరా తిరిగి ఆడే ఆటపాటలు ఆరాధనలో భాగం. ఈ సంబంధం రాగిపలకలో ఎక్కడా కనబడదు.

హాడ్జెస్: వెలుగును చూచినవాడు

రెండవ యాత్రలో నౌకాశాఖవారు నియమించిన చిత్రకారుడు విలియం హాడ్జెస్. ఆయనకు ప్రకృతి వెలుగు మీద, ఆకాశపు రంగుల మీద మక్కువ ఎక్కువ. ఆచారాల విషయంలో ఆయన చిత్రాలు రెండు చెప్పుకోదగినవి. మొదటిది, శవాన్ని ఉంచిన మంచె, దాని ప్రక్కన శోకకర్త ఉన్న దృశ్యం. 1777లో ఉల్లెట్ చెక్కగా అచ్చయినది. రెండవది, 1776 నాటి తైలవర్ణ చిత్రం. ఓయటేపెహా అఖాతంలో స్త్రీలు స్నానమాడుతుంటారు. చుట్టూ పర్వతాల మీద బంగారు ఎండ. ఒడ్డున చెక్కతో చెక్కిన దేవతామూర్తి నిలిచి ఉంటుంది. దూరంగా శవపు మంచె కనిపిస్తుంది. స్వర్గసీమలోను మృత్యువు ఉన్నదనే యూరపు కావ్యభావాన్ని హాడ్జెస్ ఇక్కడ ఒదిగించాడని విమర్శకులు అంటారు. తహితివారికి మాత్రం ఆ మూర్తి, ఆ మంచె నిత్యజీవితంలోని వస్తువులు.

తన చిత్రాలు అచ్చులో చెడినందుకు హాడ్జెస్ కూడ మాట పడవలసి వచ్చినది. 1773లో టోంగా దీవులలోని ఎయువా ద్వీపాన కుక్ దిగినప్పుడు లభించిన స్వాగత దృశ్యాన్ని షెర్విన్ అనే చెక్కడపు పనివాడు అలంకరించి అచ్చు వేశాడు. అదే ఓడలో ప్రయాణించిన యువ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఫార్‌స్టర్ 1777లో తన గ్రంథంలో దీనిని తీవ్రంగా ఖండించాడు. ఈ చిత్రంలోని ముఖాలు, మడతలు జారే పొడుగాటి వస్త్రాలు గ్రీసు దేశానివే తప్ప దక్షిణ సముద్రంలో ఎన్నడూ లేవని ఆయన అభిప్రాయం. చిత్రం వెలువడిన సంవత్సరమే, కళ్ళారా చూచినవాడే, ఇది నిజం కాదని చెప్పడం గమనార్హం.

ఈ యాత్రలోనే, 1774లో, కుక్ బృందానికి శోకకర్త వేషాలు కొన్ని లభించినవి. మొదటి యాత్రలో ఎంత వెల ఇస్తామన్నా తహితివారు వాటిని ఇవ్వలేదు. ఇప్పుడు టోంగా నుండి తెచ్చిన ఎర్రని ఈకలు చూపగానే ఒప్పుకొన్నారు. ఎర్రని ఈక ఓరో దేవునికి ప్రీతిపాత్రం. కనుక వారు పవిత్ర వస్తువును పూసలకు, మేకులకు అమ్ముకొనలేదు. ఒక పవిత్ర వస్తువునిచ్చి మరింత పవిత్రమైనదానిని పొందినారు. అందులో ఒక వేషం నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. చిత్రాన్ని, వస్తువును ప్రక్కప్రక్కన పెట్టి సరిచూచే అవకాశం ఇటువంటిచోట కలుగుతుంది.

హాడ్జెస్ పేరు మన దేశ చరిత్రకూ సంబంధించినదే. ఆయన 1780లో మద్రాసులో దిగాడు. హైదర్ అలీతో యుద్ధం సాగుతున్నందున లోపలి ప్రాంతాలకు ఎక్కువగా పోలేక, తరువాత బెంగాలు చేరి వారన్ హేస్టింగ్స్ ఆదరణలో ఉత్తర భారతమంతా తిరిగి కోటలు, మసీదులు, ఆలయాలు చిత్రించాడు. 1793లో వెలువడిన ఆయన భారతయాత్రా గ్రంథంలో సహగమనానికి పోతున్న వితంతువు ఊరేగింపు చిత్రం ఒకటి ఉన్నది. తహితి శవపు మంచెను చూచిన కన్నే మన నేల మీది చితిని చూచినదన్నమాట. పరాయి కంటికి మనమెట్లు కనిపించామన్న ప్రశ్న ఇక్కడ మనదీ అవుతున్నది.

వెబ్బర్: ప్రాంగణంలో నిలిచిన సాక్షి

మూడవ యాత్ర చిత్రకారుడు జాన్ వెబ్బర్. ఆచారాలను విపులంగా, ఓపికగా చిత్రించడంలో ఇతనికి సాటివారు లేరు. 1777 మే నెలలో టోంగాలోని హాపాయ్ దీవులలో పురుషులు, స్త్రీలు వేర్వేరుగా చేసిన రాత్రి నృత్యాలను దివిటీల వెలుగుతో సహా చిత్రించాడు. ఆ జూలైలో మూఆ అనే చోట 'ఇనాసి' ఉత్సవం జరిగినది. భూమి తొలిపంటగా పండిన పెండలం దుంపలను రాజుకు సమర్పించే పండుగ అది. ఆ ఏడు రాకుమారుని గౌరవార్థం కూడ జరిగినది. జనం కర్రకు నడుమ చిన్న దుంపముక్క కట్టి, ఇద్దరేసి మోస్తూ, మహాభారం మోస్తున్నట్లు వంగి నడిచారు. కుక్‌కు ఇది అర్థం కాలేదు. బరువు దుంపలో కాక సమర్పణలో ఉన్నదని మనవంటివారికి చెప్పనక్కరలేదు. లోపలికి రాదలచినవారు నడుము పైభాగాన వస్త్రం తీసి, జుట్టు విరియబోసుకొనవలెనన్నారు. రెండవ రోజున కుక్ అట్లే చేశాడు. తమ కెప్టెన్ తన గౌరవాన్ని తగ్గించుకొన్నాడని అతని అధికారి విలియంసన్ ఆక్షేపించాడు. వెబ్బర్ గీసిన ఇనాసి చిత్రంలో విశాల ప్రాంగణం, బారులు తీరి కూర్చున్న జనం, ఊరేగింపు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇక అన్నిటికంటె ప్రసిద్ధమైనది, అన్నిటికంటె హాని చేసినది 'తహితి మరాయెలో నరబలి' అనే చిత్రం. 1777 సెప్టెంబరు 1న అతహురు అనే చోట ఈ తంతు జరిగినది. పొరుగున ఉన్న మొరేయా ద్వీపంతో యుద్ధానికి ఓరో దేవుని సాయం కోరడం దాని ఉద్దేశం. తూ అనే రాజు వెంట కుక్, వైద్యుడు ఆండర్సన్, వెబ్బర్ వెళ్ళారు. ప్రాంగణం సమీపించగానే టోపీలు తీయవలెనని తూ వారిని కోరాడు. పురుషులు, కొందరు బాలురు తప్ప స్త్రీలెవరూ అక్కడ లేరు. బలి అయినవాడు అప్పటికే మరణించి ఉన్నాడు. అతనికి తెలియకుండానే వెనుక నుండి రాతితో కొట్టి చంపినారట. చిత్రంలో అతడు కర్రకు కట్టబడి నేలపై ఉన్నాడు. పొడవైన మద్దెలలు మ్రోగుతున్నవి. నైవేద్యాల మంచెలు, వరుసగా పేర్చిన కపాలాలు వెనుక కనబడుతున్నవి. ఆ కపాలాలను కుక్ లెక్కించగా 49 తేలినవి. ఒక ప్రక్క కుక్, అతని సహచరులు నిలబడి చూస్తున్నారు.

తంతు మరునాడూ సాగినది. ఎన్నో మంత్రాలు, ఎన్నో అంగాలు. రాజు ధరించవలసిన ఎర్ర ఈకల పట్టీని కూడ అక్కడ ప్రదర్శించారు. అంతకుముందు 1767లో వచ్చిన వాలిస్ అనే కెప్టెన్ వదలివెళ్ళిన ఆంగ్లేయుల జెండాగుడ్డను ఆ పట్టీలో కలిపి కుట్టుకొన్నారు. పరాయి జెండాను తమ దైవశక్తిలో కలుపుకొన్న ఈ సంగతి చరిత్రకు ఎంతో విలువైనది. కాని ఒక్క బొమ్మలో రెండు రోజులు పట్టవు. చూచేవాని కంట పడేది శవం, కపాలాలు, మద్దెల మాత్రమే.

తరువాత జరిగిన సంభాషణ ఇంకా ఆలోచింపదగినది. ఈ బలిని ఏర్పాటు చేసిన తోఫా అనే నాయకునితో, ఇంగ్లండులో ఎంతటి గొప్పవాడైనా ఇటువంటి పని చేస్తే ఉరితీస్తారని కుక్ చెప్పించాడు. దుబాసీ తహితి ప్రాంతపు యువకుడు మాయ్ (ఒమాయ్). ఆ మాట వినగానే తోఫా కోపోద్రిక్తుడై, అది నీచమైన ఆచారమని కేకలు వేశాడు. అతని సేవకులు మాత్రం చెవులప్పగించి విన్నారని కుక్ రాశాడు. బలికి సాధారణంగా ఎన్నిక అయ్యేది అటువంటి సామాన్యులే కదా! ఆనాడు లండనులోని టైబర్న్ మైదానంలో జనం గుమిగూడగా బహిరంగంగా ఉరితీసేవారు. 1783 వరకు ఇది సాగినది. తుపాయా బ్రతికి లండను చేరి, ఆ మైదానాన్ని చిత్రించి ఉంటే? ఆ బొమ్మ చూచి ఇంగ్లండు నాగరికత అంతా ఇంతేనని తహితివారు తీర్మానిస్తే? నరబలిని సమర్థించడం మా ఉద్దేశం కాదు. ఒక్క చిత్రాన్ని ఒక జాతి మొత్తానికి ముఖంగా నిలపడం న్యాయమా అన్నదే మా ప్రశ్న.

జరిగినది మాత్రం అదే. 1784లో యాత్రా గ్రంథం వెలువడగా మూడు రోజులలోనే ప్రతులన్నీ అమ్ముడుపోయినవి. ఉల్లెట్ చెక్కిన నరబలి చిత్రాన్ని చవక పుస్తకాలవారు పదే పదే నకలు చేశారు. 1785లో లండనులోని కోవెంట్ గార్డెన్ రంగశాలలో 'ఒమాయ్' అనే వినోదనాటకం ప్రదర్శితమైనది. వెబ్బర్ చిత్రాల సాయంతో దాని వేషాలు, తెరలు సిద్ధమైనవి. శోకకర్త కూడ రంగస్థలమెక్కాడు. ఊరివారు భయభక్తులతో పారిపోయిన వేషాన్ని చూచి లండను జనం చప్పట్లు కొట్టారు.

మిగిలినదేమిటి?

1797లో లండను మిషనరీలు తహితి చేరారు. రెండవ పొమారె రాజు 1815 యుద్ధంలో గెలిచిన తరువాత పాత దేవతామూర్తులు, మరాయెలు ధ్వంసమైనవి. 1819లో రాజు బాప్తిస్మం పుచ్చుకొని కొత్త శాసనాలు చేశాడు. పాత తంతులు మరుగున పడినవి. అప్పుడు ఏ చిత్రాలు ఆ ప్రజలను వింతగా చూపినవో, ఆ చిత్రాలే వారి సంతతికి పూర్వీకుల ఆధారాలైనవి. హవాయిలో సొరకాయ బుర్రల ముసుగులు ధరించి పడవ నడిపే మనుషులను వెబ్బర్ చిత్రించాడు. ఆ ముసుగులను గురించి నేడు మనకు తెలిసినది ముఖ్యంగా ఆ చిత్రాల వల్లనే. రయటేయాలో ఓరో ఆరాధనకు కేంద్రమైన తపుతపువాతెయా మరాయె 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. 1960లో బెర్నార్డ్ స్మిత్ అనే ఆస్ట్రేలియా పండితుడు ఈ చిత్రాలపై మహాగ్రంథం వెలువరించిన నాటి నుండి వీటిని నిజమని నమ్మడమో, అబద్ధమని త్రోసివేయడమో కాక, శ్రద్ధగా చదివే పద్ధతి పెరిగినది.

అందుచేత ఈ చిత్రాలను గురించి మేము చెప్పదలచినదిది. పార్కిన్సన్, హాడ్జెస్, వెబ్బర్ కపటులు కారు. ఎండలో, ఈగలలో, అర్థంకాని భాష నడుమ కూర్చొని తమకు చేతనైనంత నిజాయితీతో గీసినవారు. వారి తరువాతి చేతులు, చూచేవారి కోరికలు ఆ బొమ్మలను మార్చినవి. ఏ జాతి ఆచారాన్ని చూపే బొమ్మ మన ముందుకు వచ్చినా మూడు ప్రశ్నలు వేసికొనడం మంచిది: గీసినవాడు ఆ ప్రాంగణంలో ఉన్నాడా? ఎవరి కొరకు గీశాడు? మన చేతికి వచ్చేలోపల అది ఎన్ని చేతులు మారినది? నాల్గవ ప్రశ్న కూడ ఉన్నది. ఆ ప్రాంగణంలోని మనిషే కుంచె పట్టితే ఏమి గీసి ఉండేవాడు? అదృష్టవశాత్తు తహితి విషయంలో దీనికి కొంత సమాధానం దొరికినది. రెండు శతాబ్దాలకు పైగా పేరులేని కాగితాలుగా పడి ఉన్న తుపాయా చిత్రాలే ఆ సమాధానం.